ఇరవై ఒక్క రోజుల గడువు: ఆరోగ్య శాఖలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల మంత్రులకు, కార్యదర్శులకు, రెండు రాష్ట్రాల జాతీయ ఆరోగ్య మిషన్ సంచాలకులకు, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బాధ్యులకు



“సీఎంవీనా? మన దగ్గర అది అందరికీ ఉండేదే కదా. తల్లికి ఇమ్యూనిటీ ఉంటుంది, బిడ్డకేం భయం లేదు.” పుట్టుకతో సైటోమెగలో వైరస్ (సీఎంవీ) సోకిన పిల్లల ప్రస్తావన మీ శాఖల్లో ఎప్పుడు తెచ్చినా నాకూ, నా తోటి పిల్లల డాక్టర్లకూ ఎదురయ్యే జవాబు ఇదే. కోపంగా అనరు, కసురుకోరు. ఇక మాట్లాడుకోవడానికి ఏమీ లేదన్నంత ధీమాగా అంటారు. ఆ ధీమాను నేను ఒప్పుకోలేను. అందుకే ఈ ఉత్తరం మీ కార్యాలయానికి మాత్రమే పంపకుండా పదిమందీ చదివేలా రాస్తున్నాను.

ఆ జవాబులో మొదటి మాట నిజమే. మన దేశంలో తల్లి కాబోయే ఈడుకు వచ్చేసరికి నూటికి తొంభై మందికి పైగా ఆడవాళ్ల రక్తంలో ఈ వైరస్‌కు యాంటీబాడీలు కనిపిస్తాయి. చాలామందికి అది చంటితనంలోనే తల్లిపాల ద్వారానో, తోటి పిల్లల ఎంగిలి ద్వారానో సోకి ఉంటుంది. ఒళ్లు వెచ్చబడడం కూడా ఉండదు, వచ్చిందని ఎవరికీ తెలియదు. కానీ ఆ నిజాన్ని ఆసరా చేసుకుని అనే రెండో మాట, బిడ్డకేం భయం లేదన్నది, తప్పు. ఆ తప్పు ఖరీదును ఏ ఫైలులోనూ పేరు ఎక్కని పసివాళ్లు కడుతున్నారు.

మీరు అంత నమ్మకం పెట్టుకున్న ఆ ఇమ్యూనిటీ ఈ వైరస్‌ను ఏం చేయగలదో, ఏం చేయలేదో మీ వైద్య కళాశాలల మైక్రోబయాలజీ ఆచార్యులను పిలిపించి ఒక గంట అడగండి. సైటోమెగలో వైరస్ హెర్పిస్ కుటుంబానికి చెందినది. మనుషులకు సోకే హెర్పిస్ వైరస్‌లలో దీని జన్యుపటమే అన్నిటికన్నా పెద్దది, దాదాపు 2,35,000 డీఎన్‌ఏ అక్షరాల జతలు. ఒకసారి ఒంట్లోకి వచ్చిందంటే ఇక పోదు. ఎముక మజ్జలో రక్తకణాలకు పుట్టిల్లయిన మూలకణాల్లో, వాటి నుంచి వచ్చే మోనోసైట్లలో నివురుగప్పిన నిప్పులా ఉండిపోతుంది. ఆ మోనోసైట్ ముదిరి మాక్రోఫేజ్‌గా, డెండ్రిటిక్ కణంగా మారే దశలో మళ్లీ రాజుకుంటుంది. మన రక్షణ వ్యవస్థ చేసేదల్లా ఆ నిప్పు మంట కాకుండా జీవితాంతం కాపలా కాయడం.

ఆ కాపలాకు శరీరం పెట్టే ఖర్చు మామూలుది కాదు. 2005లో అమెరికాలోని ఓరెగాన్ శాస్త్రవేత్తలు ఈ వైరస్ తయారుచేసే ప్రొటీన్లన్నిటినీ ఒక్కొక్కటిగా పరీక్షించి ఒక లెక్క తేల్చారు. వైరస్ సోకి ఆరోగ్యంగా తిరుగుతున్న పెద్దవాళ్ల రక్తంలో, పాత శత్రువులను గుర్తుపెట్టుకునే టి కణాల్లో సగటున పదో వంతు ఈ ఒక్క వైరస్‌ను అణచి ఉంచడానికే కేటాయించి ఉన్నాయి. ఎన్నో జబ్బులను గుర్తుంచుకోవలసిన సైన్యంలో పదో వంతు ఒకే చోట కావలి! వయసు పెరిగేకొద్దీ కొందరిలో ఆ వాటా ఇంకా పెరుగుతుంది. సహజ హంతక కణాలలో కూడా ఒక ప్రత్యేకమైన గుంపు ఈ వైరస్ వల్లే వృద్ధి చెంది ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది. ఇంత చేసినా వైరస్‌ను వెళ్లగొట్టలేకపోతోందంటే, శరీరం బలహీనమైనదని అర్థం కాదు. ఎదుట ఉన్నది మనుషులతోనే పరిణామం చెందుతూ వచ్చి, మన రక్షణ పద్ధతులన్నీ ఎరిగిన వైరస్.

ఎలా ఎరుగునో కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే మీ ధీమా అంతా ఇక్కడే చెదిరిపోవాలి. మన ఒంట్లో ప్రతి కణమూ తన లోపల ఏం తయారవుతోందో చూపే చిన్న ప్రొటీన్ ముక్కలను ఎంహెచ్‌సీ అణువుల మీద పెట్టి బయటికి ప్రదర్శిస్తుంది. గస్తీ తిరిగే సీడీ8 టి కణం అందులో పరాయి ముక్క కనబడితే ఆ కణాన్ని చంపేస్తుంది. సైటోమెగలో వైరస్ ఈ ప్రదర్శననే అడ్డుకుంటుంది. యూఎస్2, యూఎస్11 అనే దాని ప్రొటీన్లు ఎంహెచ్‌సీ అణువులను కణం లోపలే ముక్కలు చేయిస్తాయి. యూఎస్6 ఆ ప్రొటీన్ ముక్కలు ఎంహెచ్‌సీ దగ్గరికి చేరే దారినే మూసేస్తుంది. అసలు ఎంహెచ్‌సీయే కనబడని కణాన్ని చంపడానికి సహజ హంతక కణాలు ఉంటాయి. వాటిని ఏమార్చడానికి వైరస్ యూఎల్18 అనే నకిలీ ఎంహెచ్‌సీని తయారుచేసి పైన నిలబెడుతుంది. యూఎల్40 అనే మరో ప్రొటీన్ “ఇక్కడ అంతా బాగానే ఉంది” అన్న సంకేతాన్ని పంపే ఏర్పాటు చేస్తుంది. వీటికి తోడు మన రక్షణ వ్యవస్థను శాంతపరిచే ఇంటర్‌ల్యూకిన్ 10 లాంటి పదార్థాన్ని వైరస్ సొంతంగా విడుదల చేస్తుంది. యాంటీబాడీల తోకను పట్టుకుని వాటి పని సాగనివ్వని గ్రాహకాలు కూడా దీనికి ఉన్నాయి.

ఇప్పుడు చెప్పండి. ఇలాంటి వైరస్ విషయంలో, తల్లి రక్తంలో యాంటీబాడీ ఉందన్న ఒక్క కాగితం చూసి బిడ్డ క్షేమంగా ఉందని ఏ ధైర్యంతో అంటున్నారు?

ఇంకొక సంగతి ఉంది. ఈ వైరస్‌ది ఒక్కటే రకం కాదు, ఎన్నో రకాలు ఊళ్లో తిరుగుతుంటాయి. ఒక రకం మీద వచ్చిన రక్షణ మరో రకాన్ని పూర్తిగా ఆపదు. అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయంలో సురేశ్ బొప్పన బృందం 2001లో ప్రచురించిన పరిశోధన ఈ విషయాన్ని బయటపెట్టింది. గర్భం రాకముందే యాంటీబాడీలు ఉన్న తల్లులను వాళ్లు పరిశీలించారు. వైరస్ సోకిన బిడ్డలను కన్న 16 మంది తల్లుల్లో 10 మందికి అంతకుముందు లేని కొత్త రకం యాంటీబాడీలు పుట్టాయి. అంటే మధ్యలో ఇంకో రకం వైరస్ వాళ్లకు సోకింది. సోకని బిడ్డలను కన్న 30 మందిలో అలా జరిగింది నలుగురికే. పాత కాపలా ఉండగానే కొత్త శత్రువు గర్భసంచి దాకా వెళ్లిందన్నమాట.

మన పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ కనిపించే లెక్క ఒకటుంది. గర్భిణికి మొదటిసారి ఈ వైరస్ సోకితే బిడ్డకు చేరే అవకాశం నూటికి 30 నుంచి 40. ముందే సోకి ఉన్న తల్లి నుంచి చేరేది సుమారు ఒక శాతం. ఆ ఒక్క శాతం చూసి మీరు నిశ్చింతగా ఉన్నారు. కానీ ఆ ఒక్క శాతం ఎంతమందిలో? దాదాపు ప్రతి తల్లికీ ముందే వైరస్ సోకి ఉన్న దేశంలో ఒక శాతమంటే పుట్టిన ప్రతి నూరుమంది పిల్లల్లో ఒకరు. సగం మంది ఆడవాళ్లకే వైరస్ సోకి ఉండే యూరప్ దేశాలను దృష్టిలో పెట్టుకుని రాసిన ఓదార్పు మాటను మనం మక్కీకి మక్కీ తెచ్చుకున్నాం. వాళ్లకన్నా ఈ వైరస్ భారం మన దగ్గరే ఎక్కువ అన్న సంగతి ఆ మాటలో మునిగిపోయింది.

ఇది ఊహ కాదు. ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో, దాదాపు తల్లులందరికీ యాంటీబాడీలు ఉన్న ఒక చిన్న పట్టణ ప్రాంతంలో 423 మంది నవజాత శిశువులను పరీక్షించారు. 9 మందికి పుట్టుకతోనే వైరస్ ఉంది. అంటే నూటికి ఇద్దరు. బ్రెజిల్‌లో రిబెరావ్ ప్రెటో నగరం కూడా మనలాగే దాదాపు తల్లులందరికీ వైరస్ సోకి ఉండే చోటు. అక్కడ 12 వేల మందికి పైగా శిశువులను చూస్తే నూటికి ఒకరికి వైరస్ దొరికింది. వాళ్లను ఏళ్ల తరబడి గమనిస్తే దాదాపు పదిమందిలో ఒకరికి వినికిడి పోయింది. ఆ తల్లులకూ ఇమ్యూనిటీ ఉంది. అది వాళ్ల బిడ్డల చెవులను కాపాడలేదు.

మన రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడాదికి పది లక్షలకు పైగానే కాన్పులు జరుగుతాయి. నూటికి ఒకరు అన్న తక్కువ లెక్కే తీసుకోండి. పదివేల మంది. పుట్టుకతో వైరస్ సోకిన పిల్లల్లో సుమారు ఐదుగురిలో ఒకరికి వినికిడి లోపమో, ఎదుగుదల లోపమో, ఫిట్సో, కంటిచూపు సమస్యో శాశ్వతంగా మిగులుతుందని ప్రపంచమంతటా వైద్యులు ఒప్పుకున్న అంచనా. అంటే ఏటా రెండువేల మంది దాకా తెలుగు పిల్లలు. ఈ రెండువేల మంది ఎవరు? ఏ జిల్లాల వాళ్లు? ఇప్పుడు ఎక్కడున్నారు? మీ దగ్గర జాబితా ఉందా? ఎలా ఉంటుంది? వెతకనిది దొరకదు కదా.

వీళ్లలో పదిమందిలో ఒకరికే పుట్టగానే లక్షణాలు కనిపిస్తాయి: తల చిన్నదిగా ఉండడం, కామెర్లు తగ్గకపోవడం, ఒంటి మీద ఎర్రటి చుక్కలు, కాలేయం, ప్లీహం పెరగడం, ప్లేట్‌లెట్లు పడిపోవడం, కడుపులో సరిగా ఎదగకపోవడం. మిగతా తొమ్మిదిమంది ముద్దుగా, ఆరోగ్యంగా పుడతారు. బేబీ కిట్టు చేతికిచ్చి, ఫొటో తీసి, బండి ఎక్కించి ఇంటికి పంపిస్తాం. ఆ తొమ్మిదిమందిలో కొందరికి ఆరునెలలకో, రెండేళ్లకో, నాలుగేళ్లకో చెవి మెల్లగా మూతబడుతుంది. పుట్టినప్పుడు చేసిన ఓఏఈ వినికిడి పరీక్షలో బాగుందని వచ్చిన బిడ్డే తర్వాత వినలేకపోతుంది. ఒక పెద్ద అమెరికా అధ్యయనం ప్రకారం, ఈ వైరస్ వల్ల నవజాత దశలోనే ఉన్న వినికిడి లోపంలో పుట్టుక సమయపు పరీక్షలో దొరికేది సగానికి కాస్త పైన మాత్రమే. తర్వాత వచ్చేది దీనికి అదనం.

అప్పుడు ఇంట్లో ఏం జరుగుతుందో మీకు తెలియనిది కాదు. “మూడేళ్లొచ్చినా మాటలు రాలేదేం?” అని నానమ్మ అడుగుతుంది. “వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయిలే” అని ఎవరో సర్దిచెబుతారు. ఏడాది గడుస్తుంది. ఎట్టకేలకు బేరా పరీక్ష చేయిస్తే రెండు చెవులకూ వినికిడి లేదని తేలుతుంది. డాక్టరు అడిగే మొదటి ప్రశ్న, “మేనరికమా?” అవునంటే కేసు అక్కడితో ముగుస్తుంది. జన్యువుల వల్ల వచ్చే చెవుడు మన దగ్గర ఎక్కువే, మేనరికాలు దాన్ని పెంచుతాయి, అందులో సందేహం లేదు. కానీ వినికిడి పోయిన ప్రతి బిడ్డ వెనుకా మేనరికమే ఉందని ఎవరు తేల్చారు? ఆ బిడ్డకు సీఎంవీ పరీక్ష చేశారా? చేయలేదు. ఇక ఇప్పుడు చేసినా లాభం లేదు. మేనత్త కొడుకును చేసుకున్నందుకు ఒక తల్లి జన్మంతా తనను తాను తిట్టుకుంటుంది, అసలు కారణం ఏమిటో తెలియకుండానే.

లాభం లేదని ఎందుకన్నానో చెబుతాను, ఈ లేఖ అంతా ఆ కారణం చుట్టే ఉంది. పుట్టుకతో వచ్చిన సీఎంవీని నిర్ధారించాలంటే బిడ్డ పుట్టిన 21 రోజుల లోపు లాలాజలంలోనో మూత్రంలోనో పీసీఆర్ పరీక్ష చేయాలి. ఆ మూడు వారాలు దాటాక వైరస్ కనబడినా, అది కడుపులో ఉన్నప్పుడే వచ్చిందో, పుట్టాక తల్లిపాల ద్వారా వచ్చిందో చెప్పలేం. పాల ద్వారా వచ్చింది నెలలు నిండి పుట్టిన బిడ్డకు హాని చేయదు. హాని చేసేది కడుపులో వచ్చింది. రెండింటినీ వేరుచేసి చెప్పగల తలుపు 21 రోజుల తర్వాత మూసుకుపోతుంది. మీ కార్యక్రమంలో ఆ తలుపు దగ్గర నిలబడ్డ మనిషి ఎవరు?

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. గ్రహణం మొర్రి, వంకర పాదం, గుండె రంధ్రం, పుట్టు శుక్లం, పుట్టు చెవుడు లాంటి తొమ్మిది పుట్టుక లోపాలు అందులో ఉన్నాయి. పుట్టు చెవుడును పెట్టారు, మంచిదే. పుట్టుకతో చెవుడు తెచ్చే అంటువ్యాధుల్లో అన్నిటికన్నా పెద్దదాన్ని వెతకమని మాత్రం ఆ జాబితాలో లేదు. ఫలితాన్ని లెక్కించి కారణాన్ని వదిలేయడం ఏ ఆరోగ్య విధానం?

పైగా ఆ మూడు వారాల్లో ప్రభుత్వం బిడ్డకు దూరంగా ఏమీ లేదు. కాన్పు ఆసుపత్రిలోనే అవుతోంది. బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి అక్కడే వేస్తున్నారు. ఇంటికి వెళ్లాక ఆశా కార్యకర్త 3వ రోజు, 7వ రోజు, 14వ రోజు, 21వ రోజు గడప తొక్కుతుంది. ఆమె చేతిలో బరువు తూచే యంత్రం ఉంటుంది, థర్మామీటర్ ఉంటుంది. బుగ్గ లోపల తిప్పే ఒక్క దూది పుల్ల ఉండదు. ఆరువారాల టీకాకు బిడ్డ మళ్లీ సబ్ సెంటర్‌కు వచ్చేసరికి గడువు దాటిపోయి మూడు వారాలవుతుంది.

పరీక్ష కష్టమా? పాలు తాగిన గంట తర్వాత బిడ్డ బుగ్గ లోపల పుల్లను కాసేపు తిప్పి తీయాలి. సూది లేదు, రక్తం లేదు. 2011లో సురేశ్ బొప్పన బృందమే దాదాపు 35 వేల మంది శిశువులపై జరిపిన పరిశోధనలో లాలాజల పీసీఆర్ వైరస్ ఉన్న బిడ్డల్లో నూటికి 97 మందికి తగ్గకుండా పట్టుకుంది. పాజిటివ్ వస్తే మూత్రంతో మరోసారి నిర్ధారించుకుంటే చాలు. పీసీఆర్ యంత్రాలు లేవని ఈ రెండు రాష్ట్రాలు చెప్పలేవు. కోవిడ్ రోజుల్లో తిరుపతి స్విమ్స్‌తోనూ హైదరాబాద్ గాంధీ ఆసుపత్రితోనూ మొదలై జిల్లా జిల్లాకూ పీసీఆర్ ల్యాబులు వెలిశాయి. పుల్ల పట్టడం నేర్చిన టెక్నీషియన్లు ఉన్నారు, యంత్రాలు ఉన్నాయి. వాటిలో ఇప్పుడు ఎన్ని పనిచేస్తున్నాయో, ఎన్ని దుమ్ము పట్టి ఉన్నాయో మీకు నాకన్నా బాగా తెలియాలి.

“తెలుసుకుని ఏం చేస్తాం? మందు లేదుగా” అని కొందరు అంటారు. మందు ఉంది. వాల్‌గాన్‌సైక్లోవిర్ అనే ద్రవం, నోటి ద్వారా వేసేది. లక్షణాలతో పుట్టిన బిడ్డకు మొదటి నెలలోనే మొదలుపెట్టి ఆరు నెలలు వేస్తే, ఆరువారాలు వేసినదానికన్నా వినికిడిలోనూ, మాటలోనూ, ఎదుగుదలలోనూ కాస్త మెరుగు కనిపించిందని 2015లో అమెరికా వైద్యుడు డేవిడ్ కింబర్లిన్ బృందం చూపించింది. తెల్లకణాలు తగ్గుతాయి కాబట్టి రక్తపరీక్షలు చేస్తూ జాగ్రత్తగా వాడాల్సిన మందు. అందరికీ వేసేది కాదు, ఎవరికి వేయాలో పిల్లల వైద్యులు నిర్ణయించాలి. కానీ నిర్ణయించే అవకాశమైనా ఉండాలంటే మొదటి నెలలో బిడ్డ ఎవరో తెలియాలి. లక్షణాలు లేని బిడ్డకు మందు అక్కర్లేకపోవచ్చు. కానీ వైరస్ ఉందని తెలిస్తే ఆరేళ్లు వచ్చేదాకా కొన్ని నెలలకోసారి వినికిడి పరీక్ష చేస్తాం. చెవి తగ్గిన నెలలోనే వినికిడి యంత్రం పెడతాం. మాట నేర్చుకునే మెదడుకు రెండేళ్లు పోవడం అంటే ఏమిటో తెలిసిన ఎవరూ దీన్ని చిన్న సాయమని అనలేరు.

ఖర్చు మాట కూడా వస్తుంది. రాష్ట్ర ఆరోగ్య పథకాల కింద, కేంద్ర పథకాల కింద కాక్లియర్ ఇంప్లాంట్లకు ప్రభుత్వమే లక్షల్లో ఖర్చు పెడుతోంది. పెట్టాల్సిందే, ఆ పథకం ఎందరో పిల్లలకు మాట ఇచ్చింది. కానీ ఆ ఇంప్లాంట్ పెట్టించుకున్న పిల్లల్లో ఎంతమందికి సీఎంవీ వల్ల చెవి పోయిందో ఎవరైనా లెక్క తీశారా? ఒక బిడ్డ ఇంప్లాంట్‌కు పెట్టే డబ్బుతో ఎందరు శిశువుల లాలాజలం పరీక్షించవచ్చో మీ ఆర్థిక విభాగం ఒక్క పూటలో చెప్పగలదు. చెప్పించండి, ఆ లెక్కను ప్రజల ముందు పెట్టండి.

ఇక టార్చ్ టెస్ట్. ఈ మాట రాయక తప్పదు. గర్భం నిలవని ప్రతి ఆడపిల్లకూ మన పట్టణాల్లో, తల్లి నుంచి బిడ్డకు చేరే కొన్ని ఇన్ఫెక్షన్లను వెతికే ఈ రక్తపరీక్ష రాసేస్తున్నారు. అందులో సీఎంవీ ఐజీజీ యాంటీబాడీ పాజిటివ్ అని వస్తుంది. నూటికి తొంభై మందికి పైగా వచ్చేదే అది, పాత ఇన్ఫెక్షన్‌కు గుర్తు, అంతే. గర్భం పోవడానికి అదే కారణమని దాన్ని చూసి చెప్పడానికి వీల్లేదు. కొత్త ఇన్ఫెక్షన్‌కు గుర్తుగా చూసే ఐజీఎం యాంటీబాడీ ఒక్కటి పాజిటివ్ వచ్చినా అది నెలల తరబడి ఉండిపోవచ్చు, పొరపాటుగానూ రావచ్చు. అయినా “మీ ఒంట్లో వైరస్ ఉంది” అన్న మాటతో ఆ కాగితం అత్తగారింటికి చేరుతుంది. ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చి ఏడ్చిన అమ్మాయిలు ఎందరో ఉన్నారు. ఒకమ్మాయిని పుట్టింట్లో దించేసి వెళ్లారు, “వైరస్ తగ్గాక తీసుకెళ్తాం” అని. తగ్గని వైరస్ అది, దాదాపు మనందరి ఒంట్లోనూ ఉన్నది. తల్లికి అక్కర్లేని పరీక్ష వీధివీధినా జరుగుతుంటే, బిడ్డకు పనికొచ్చే పరీక్ష ఒక్క ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలోనైనా మామూలుగా జరగకపోవడం ఎవరి బాధ్యత? ల్యాబులను నియంత్రించే అధికారం, వైద్యులకు మార్గదర్శకాలు జారీచేసే అధికారం ఉన్నది ఎవరికి?

ఇమ్యూనిటీ మీద ఇంత ధీమా ఉన్నవాళ్లు కిడ్నీ మార్పిడి వార్డుకు ఒకసారి వెళ్లి చూడాలి. మార్చిన కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా టి కణాలను మందులతో అణచిన మరుక్షణం నుంచీ డాక్టర్లు ఎదురుచూసే ప్రమాదాల్లో ఇదే ముందుంటుంది. హెచ్‌ఐవీ ఉన్నవారిలో సీడీ4 టి కణాల సంఖ్య 50 కన్నా దిగువకు పడితే ఇదే వైరస్ కంటి రెటీనాను తినేస్తుంది. కాపలా కాసే కణాలు తగ్గితే ఏమవుతుందో ఆ వార్డుల్లో మీ శాఖ డాక్టర్లు రోజూ చూస్తున్నారు. కడుపులోని బిడ్డ రక్షణ వ్యవస్థ ఇంకా రూపుదిద్దుకుంటున్నదే. ఈ వైరస్‌ను ఒంటరిగా ఎదుర్కోమని ఆ బిడ్డను ఎలా వదిలేశాం?

టీకా వస్తుందిలే అని ఆగడానికీ వీల్లేదు. దశాబ్దాలుగా ప్రయత్నిస్తున్నారు. పెద్ద ఆశలు పెట్టుకున్న మోడర్నా ఎంఆర్‌ఎన్‌ఏ టీకా చివరి దశ పరీక్షలో లక్ష్యం చేరలేదని ఆ సంస్థే 2025 అక్టోబరులో ప్రకటించింది. పైగా ఆ పరీక్షలో చూసిన ప్రధాన లక్ష్యం ఇంతవరకు వైరస్ సోకని ఆడవాళ్లకు అది సోకకుండా ఆపడం. మన ఆడవాళ్లలో అలాంటివాళ్లు ఎందరున్నారు? కెనడాలోని ఒంటారియో 2019లో, అమెరికాలోని మిన్నెసోటా 2023లో పుట్టిన ప్రతి బిడ్డకూ సీఎంవీ పరీక్ష మొదలుపెట్టాయి, టీకా లేకుండానే. మనకన్నా ఈ వైరస్ తక్కువ ఉన్న చోట్లు అవి.

కాబట్టి మేము అడుగుతున్నది ఇది. ఎస్‌ఎన్‌సీయూలో, అంటే నవజాత శిశువుల ప్రత్యేక చికిత్సా విభాగంలో చేరిన శిశువుల్లో నేను పైన చెప్పిన లక్షణాల్లో ఏది కనిపించినా, ఓఏఈలో తప్పినా, ఆ బిడ్డకు 21 రోజుల లోపు లాలాజల పీసీఆర్ తప్పనిసరి చేయండి. ఇది ఈ సంవత్సరమే చేయగలిగిన పని. దానితో ఆగిపోతే, ఆరోగ్యంగా కనిపిస్తూ పుట్టి తర్వాత వినికిడి పోగొట్టుకునే పిల్లలు దొరకరని పైన రాశాను. అందుకే కాన్పులు ఎక్కువగా జరిగే కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల్లో, హైదరాబాద్ పేట్లబుర్జులో, విశాఖలో, గుంటూరులో, వరంగల్‌లో, తిరుపతిలో పుట్టిన ప్రతి బిడ్డకూ ఒక ఏడాది పాటు పరీక్ష జరపండి. నూటికి ఒకరా, ఇద్దరా అన్నది మన పిల్లల నుంచే మనకు తెలియాలి. పాజిటివ్ వచ్చిన బిడ్డలను జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో నమోదు చేసి ఆరేళ్లదాకా వినికిడి చూడండి. మీ సంచార బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు వెళ్తూనే ఉన్నాయి, ఆ పేర్లు వాళ్ల చేతికివ్వండి. వాల్‌గాన్‌సైక్లోవిర్ ద్రవాన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చండి. టార్చ్ టెస్ట్ ఎప్పుడు రాయాలో, ఎప్పుడు రాయకూడదో స్పష్టంగా ఒక ఉత్తర్వు ఇవ్వండి.

గర్భిణులకు కూడా ఒక మాట చెప్పించండి, ఖర్చు లేని పని. ఇంట్లో రెండేళ్ల బిడ్డ ఉండగా మళ్లీ నెల తప్పిన తల్లి, ఆ బిడ్డ ఎంగిలి ముద్ద తినకుండా, డైపర్ మార్చాక, చొంగ తుడిచాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. చిన్నపిల్లలు ఈ వైరస్‌ను నెలలు, ఏళ్ల తరబడి లాలాజలంలో, మూత్రంలో వదులుతుంటారు. అంగన్‌వాడీ టీచర్లకూ ఆయాలకూ ఇది ముందుగా తెలియాలి. రోజంతా చంటిపిల్లల మధ్య గడిపే వాళ్లే గర్భిణులైనప్పుడు ఎవరైనా చెప్పారా? బిడ్డను ముద్దాడవద్దని భయపెట్టమని కాదు. నుదుటి మీద ముద్దు పెట్టుకోవచ్చు, పెదాల మీద వద్దు. ఇంత చిన్న మాట తల్లీబిడ్డల కార్డు మీద ఒక్క వరుసలో పడుతుంది.

ఈ వ్యవస్థలో నేను ఒక డాక్టరును మాత్రమే. ఉత్తర్వు ఇవ్వగలిగేది మీరు. బడ్జెట్ కేటాయించగలిగేది మీరు. “అందరికీ ఉండేదే” అన్న జవాబు ఇచ్చేదీ మీ గదుల్లోనే. కాబట్టి ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాతపూర్వకంగా కోరుతున్నాను. గత ఐదేళ్లలో మీ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎంతమంది శిశువులకు 21 రోజుల లోపు సీఎంవీ పరీక్ష జరిగింది? కాక్లియర్ ఇంప్లాంట్ పొందిన పిల్లల్లో ఎంతమందికి ఆ కారణం వెతికారు? ఈ పరీక్షను నవజాత శిశువుల జాబితాలో చేర్చడానికి మీరు పెట్టుకున్న తేదీ ఏది?

జవాబు వచ్చిన రోజున దాన్ని కూడా ఇలాగే పదిమందీ చదివేలా ప్రచురిస్తాను.

ఇట్లు,
ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేస్తున్న ఒక పిల్లల వైద్యురాలు